గుప్తదానం

దానాలలో గుప్తదానం గొప్పదని మన దేశంలో చిరకాలంగా ఒక నమ్మకమున్నది. ఇచ్చినవాడు తన పేరు చెప్పుకోడు. పుచ్చుకొన్నవాడు ఎవరి ఎదుటా తల వంచుకోవలసిన అవసరముండదు. గుడిలో హుండీ ముందు నిలబడినప్పుడు ఈ సంప్రదాయంలోని అందం నాకు అర్థమవుతుంది. రాగిపైస వేసిన చెయ్యి ఏదో, బంగారపుటుంగరం వేసిన చెయ్యి ఏదో తరువాత చెప్పగలవారు లేరు.

మన గణతంత్రం కూడ ఇటువంటి ఒక గోప్యతమీదనే నిలిచి ఉన్నది. 1951–52లో జరిగిన తొలి సార్వత్రిక ఎన్నికలలో అభ్యర్థి కొక పెట్టె చొప్పున, ప్రతి పెట్టెకూ ఒక గుర్తు పెట్టి, తెరచాటున ఉంచారు. చదువురానివారు సైతం గుర్తు చూచి తమ కాగితం వేసి రాగలిగారు. 1935 నాటి చట్టం క్రింద ఆస్తి, చదువు మొదలైన అర్హతలు గల కొద్దిమందికే ఓటుండేది. ఈసారి 17 కోట్లకు పైగా వయోజనులు జాబితాలో చేరారు. ఆ తెరచాటు ఎవరికోసం? భూస్వామికోసం కాదు, అతని పొలంలో పనిచేసే కూలికోసం. అప్పిచ్చినవాడికోసం కాదు, అప్పు తీర్చలేనివాడికోసం. బలవంతుని కంటబడకుండ బలహీనుడు తన మనస్సులోని మాట చెప్పుకొనడానికి రాజ్యం కల్పించిన చాటు అది.

ఆ వరుసలో నేను ఎన్నోసార్లు నిలుచున్నాను. ముందు మిల్లు యజమాని, వెనుక మూటలు మోసే మనిషి నిలిచిన రోజులున్నవి. ముగ్గురి వేళ్ళకూ ఒకే సిరా. ఆ సమత్వం నిజమైనదే. దానిని నేను తక్కువచేసి మాట్లాడను. అయితే వరుస మొదలు కాకముందే, అభ్యర్థులెవరో, ఎవరి గొంతు దేశమంతటా వినిపించవలెనో నిర్ణయమయ్యే చోటు మరొకటి ఉన్నది. అక్కడ వరుస లేదు. మూటలు మోసే మనిషికి అక్కడికి దారి తెలియదు.

ఈ చింత కొత్తది కాదు. రాజకీయపక్షాలకు విరాళాలివ్వడానికి వీలుగా తన నిబంధనలు మార్చుకొంటానని టాటా ఇనుము ఉక్కు కంపెనీ కోరగా, 1957లో బొంబాయి హైకోర్టు ప్రధాన న్యాయమూర్తి ఎం. సి. చాగ్లా, చట్టం అడ్డురానందున అనుమతించారు. అయినా ఈ ప్రమాదం పెరిగి ప్రజాస్వామ్యానికి ఊపిరాడకుండ చేయవచ్చునని పార్లమెంటును హెచ్చరించారు. 1969లో పార్లమెంటు కంపెనీల విరాళాలను నిషేధించినది. 1985లో, సగటు లాభంలో నూటికి 5 వంతుల హద్దుతో మరల అనుమతించినది. 2013 నాటి చట్టం ఆ హద్దును ఏడున్నరకు పెంచినది. 2017లో హద్దే తొలగిపోయినది.

2018లో ఎన్నికల బాండ్లు వచ్చినవి. వేయి రూపాయలు మొదలు కోటి రూపాయల వరకు విలువగల పత్రాలను స్టేట్ బ్యాంకులో కొని, కోరిన పక్షానికి ఇవ్వవచ్చును. పత్రంమీద కొన్నవాని పేరుండదు. దాతకు ఇతరపక్షాలవారి వేధింపు కలగకుండ ఈ గోప్యత అవసరమని వాదించారు. పేదవాడి ఓటుకు కట్టిన తెరనే ధనవంతుని విరాళానికీ కట్టారన్నమాట.

పోలిక పైకి న్యాయంగానే కనిపిస్తుంది. కాని గుప్తదానంలో దాత ఎవరో పుచ్చుకొన్నవానికి తెలియదు. ఇక్కడ కొన్నవాడు స్వయంగా వెళ్ళి చేతికి అందించవచ్చును. కొన్నదెవరో బ్యాంకుకు తెలుసు. తెలియనిది ఓటరు కొక్కనికే. ఉప్పు తిన్నవానికి విశ్వాసముండాలంటారు మన పెద్దలు. పాలకులు ఎవరి ఉప్పు తిన్నారో ప్రజలకు తెలియకపోతే, ఆ విశ్వాసం ఎవరివైపు మొగ్గుతున్నదో కనిపెట్టేదెలా?

2024 ఫిబ్రవరి 15న సుప్రీంకోర్టులో ఐదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం, ఈ పథకం ఓటరుకు గల తెలుసుకొనే హక్కును భంగపరుస్తున్నదని కొట్టివేసినది. కంపెనీల విరాళాలకు హద్దు తొలగించిన సవరణనూ త్రోసిపుచ్చినది. మార్చి నెలలో కొన్నవారి పేర్లు వెలువడినవి. అమ్ముడైన బాండ్ల విలువలో అత్యధికభాగం కోటి రూపాయల పత్రాలదే. వేయి రూపాయలు ఇచ్చేవానికోసం ఆ తెర కట్టలేదని నాకు స్పష్టమైనది.

తీర్పుతోనే ధనబలం అంతరించినదని నేననుకోను. అభ్యర్థి వ్యయానికి చట్టం హద్దు పెట్టినది. పక్షం వ్యయానికి పెట్టలేదు. ఈ విషయం ఆలోచించినప్పుడు నాకు చందాలమీద నడిచే చిన్న గ్రంథాలయాలు గుర్తుకు వస్తవి. సంవత్సరాంత సమావేశంలో, నెలకు అర్ధరూపాయి ఇచ్చిన సభ్యుడు లేచి, కిరసనాయిలుకు ఇంత ఎందుకయిందని నిలదీయడం నేను చూచాను. కార్యదర్శి విసుగుకొంటూనే లెక్క చెప్పవలసి వచ్చేది. రాజకీయపక్షాలను ఆ విధంగా నిలదీసేవారు మనలో ఎందరున్నారు? చందా ఇచ్చినవాడు లెక్క అడుగుతాడు. మనం చందా ఇవ్వని పక్షాన్ని లెక్క అడగడానికి వేరెవరో ఉండే ఉంటారు.