దాహంలో ఉప్పెంత?

మా అమ్మకి ఆరేళ్లుగా డయాలిసిస్. సోమ, బుధ, శుక్రవారాలు, నాలుగేసి గంటలు. డయాలిసిస్ అనగానే ఎవరైనా రక్తం గురించే అడుగుతారు. ఫిస్టులా బాగుందా, హిమోగ్లోబిన్ ఎంత, అని. రక్తం కంటికి కనిపిస్తుంది కదా. ఫిల్టర్‌లో పల్చటి పొరకి అవతలి వైపు పారే రంగులేని నీళ్ల సంగతి ఎవరికీ పట్టదు. అవి నిమిషానికి 500 మిల్లీలీటర్లు. నాలుగు గంటలకి 120 లీటర్లు, వారానికి 360. రోజుకి రెండు లీటర్లు తాగే మనిషికి ఆరు నెలలు సరిపోయే నీళ్లు మా అమ్మ రక్తం పక్కనుంచి ఒక్క వారంలో వెళ్లిపోతాయి.

వాటిని డయాలిసేట్ అంటారు. ప్లాంట్‌లో శుద్ధి చేసిన నీళ్లలో సోడియం, పొటాషియం, కాల్షియం, మెగ్నీషియం, బైకార్బొనేట్, కాస్త గ్లూకోజ్ కలుపుతారు. మెషీన్ దగ్గర రెండు క్యాన్లుంటాయి. కాల్షియం, మెగ్నీషియం ఒకదాంట్లో, బైకార్బొనేట్ రెండోదాంట్లో. ముందే కలిపి ఉంచితే సుద్దలా పేరుకుపోతాయి కాబట్టి చివర్లో మెషీనే కలుపుకుంటుంది. ఈ చిక్కు తప్పించుకోడానికే 1960ల్లో బైకార్బొనేట్ మానేసి అసిటేట్ పట్టుకున్నారు. దాంతో చాలామందికి బీపీ పడిపోయేది, వాంతులయ్యేవి. 1980ల్లో మళ్లీ బైకార్బొనేట్ దగ్గరికే వచ్చారు. 1970ల్లోనైతే నీళ్లలో మిగిలిపోయిన అల్యూమినియం వల్ల కొందరికి మాట తడబడింది, మతి చెడింది, ఎముకలు విరిగాయి. మనం తాగే నీళ్లని పేగు కాస్తయినా వడపోస్తుంది. ఈ నీళ్లకీ రక్తానికీ మధ్య ఉన్నది ఆ ఒక్క పొరే.

ఇక అమ్మ దాహం సంగతి.

రెండు డయాలిసిస్‌ల మధ్య ఒంట్లో చేరిన నీరు బరువుగా తెలుస్తుంది. అమ్మకి మూడు, మూడున్నర కిలోలు పెరిగేది. సెంటర్లో బరువు చూసే మిషన్ ఎక్కగానే, "ఏంటాంటీ, మళ్లీ నీళ్లు ఎక్కువ తాగేశారా? నోరు కట్టుకోవాలి కదా" అనేవాళ్లు. ముప్పయ్యేళ్లు బడిలో పాఠాలు చెప్పిన మనిషి తలొంచుకుని నిలబడేది. ఇంట్లో చూస్తే ఆవకాయ మానేసి ఏళ్లయింది. కూరల్లో ఉప్పు పేరుకే. చిన్న స్టీలు గ్లాసుతో కొలుచుకుని తాగుతుంది. ఐస్ ముక్క బుగ్గన పెట్టుకుని కూర్చుంటుంది. అయినా డయాలిసిస్ అయిన రాత్రి నాలుక పిడచకట్టుకుపోయేది. "నాకు నిగ్రహం లేదే అమ్మాయ్" అంది ఒకసారి. అమ్మ నోట ఆ మాట నేనెప్పుడూ వినలేదు.

రిపోర్టులన్నీ ముందేసుకుని చూస్తే, డయాలిసిస్‌కి ముందు అమ్మ రక్తంలో సోడియం దాదాపు ప్రతిసారీ 135 దగ్గరే ఉంది. మెషీన్ మీద అంకె 140. ఎక్కువున్న వైపు నుంచి తక్కువున్న వైపుకి సోడియం పోతుంది. అంటే అమ్మ బెడ్ మీద పడుకునే ఉప్పు తింటోందన్నమాట. ఇంటికొచ్చాక ఒళ్లు ఆ ఉప్పుకి తగ్గ నీళ్లు అడుగుతోంది.

టెక్నీషియన్ తమ్ముడిని అడిగాను. "అందరికీ అదే పెడతాం అక్కా. బీపీ పడిపోకుండా ఉంటుంది" అన్నాడు. అతను చెప్పింది అబద్ధం కాదు. సోడియం ఎక్కువుంటే నాలుగు గంటలూ సాఫీగా గడుస్తాయి, కండరాలు పట్టేయవు. దాని ఖర్చు మిగతా రెండు రోజులూ ఇంట్లో పేషెంట్ కడుతుంది. ఆ ఖర్చుకి సెంటర్లో పెట్టిన పేరు, 'నీళ్లు ఎక్కువ తాగడం'.

డాక్టరుగారు విన్నారు. 138 చేశారు, కొన్ని వారాలాగి 137. బరువు రెండున్నర కిలోల దగ్గరికి దిగింది. దాహం పోలేదు గానీ రాత్రుళ్లు నిద్ర పడుతోంది. ఓ శుక్రవారం నాలుగో గంటలో బీపీ పడిపోయి, పిక్కలు పట్టేసి అమ్మ కేక పెట్టింది. మళ్లీ 138. బీపీ నిలవడానికి నీళ్ల వేడి అర డిగ్రీ తగ్గించారు. ఇప్పుడు వేసవిలోనూ శాలువా కావాలి. ఏ అంకె కదిపినా ఇంకోచోట ఏదో కదులుతుంది.

సోడియం, బైకార్బొనేట్ అయితే మెషీన్ మీద మార్చొచ్చు. పొటాషియం, కాల్షియం క్యాన్‌లో ఎంతుంటే అంతే. మా సెంటర్‌కి వచ్చే క్యాన్‌లో పొటాషియం 2. శుక్రవారం నుంచి సోమవారం దాకా వచ్చే పొడుగు విరామంలో రక్తంలో పొటాషియం బాగా పెరిగిన మనిషికి, అక్కణ్ణుంచి అది వేగంగా దిగడం కూడా గుండెకి ప్రమాదమే. కాల్షియం ఎక్కువైతే రక్తనాళాలు గట్టిపడే భయం, తక్కువైతే ఎముకలకి చేటు. ఇవి ఒక్కరోజులో కనపడేవి కావు. అమ్మలాగా ఏళ్ల తరబడి ఈ నీళ్ల పక్కన బతికేవాళ్లకి మెల్లగా లెక్క తేలతాయి.

కిడ్నీ అయితే ఏ మనిషికి ఆ మనిషిని చూసి, క్షణక్షణం ఇవన్నీ సర్దుతుంది. ఆ పనిని కొన్ని అంకెల్లోకి కుదించడం తప్పదు. మూడు షిఫ్టుల్లో బెడ్లన్నీ నిండే చోట ఒక్కొక్కరికీ విడిగా లెక్క చూడటం ఎంత కష్టమో నాకూ కనిపిస్తూనే ఉంది. కానీ ఆ అంకె ఒక మందు. మాత్ర డోసు అడిగినట్టే దాన్నీ అడగొచ్చు.

అమ్మ నోటుబుక్కులో ఇప్పుడు బరువు, బీపీ పక్కన ఇంకో గడి ఉంది. తన గుండ్రటి అక్షరాలతో 'సోడియం' అని రాసుకుంది. కిందటి నెల కొత్త నర్సమ్మాయి బరువు చూసి ఏదో అనబోతే, కళ్లజోడు సర్దుకుని అడిగింది: "నేను తాగిన నీళ్ల లెక్క చెప్తాను గానీ, ముందు మీ నీళ్లలో ఉప్పెంత పెట్టారో చెప్పు తల్లీ."