మరల వాల్తేరునకు

కనుమనాడు కాకియైనను కదలదని మా నాయనమ్మ నన్ను ఆపినది. ముక్కనుమనాడు ఆమెకు మఱియొక సాకు దొరకినది. ఆమె మనసులోని మాట వేఱు. పండుగకు వచ్చిన చుట్టములు ఒక సంబంధము తెచ్చిరి. వరునిది మంచి ఉద్యోగమట. పిల్ల చదువు ఇంక నొక్క సెమిస్టరే కదా, అది లేకున్న వచ్చిన లోటేమని వారి వాదము. నాన్నగారు అవుననలేదు, కాదనలేదు. మా అమ్మ వంటయింటిలోనుండి వచ్చి, “చదువు నడుమ మానినదానను ఈ యింట నేనొక్కతెనే చాలును” అని, నా పెట్టెలో అరిసెలును పోకుండలును సర్ద నారంభించెను. అంతకు మించి ఆమె ఏమియు ననలేదు. మఱునాటి యుదయమున నేను ఆమదాలవలసలో రైలెక్కితిని.

సోదరీమణులు మన్నింతురు గాక, పొందూరు దాటువఱకు కిటికీ వెలుపల నేమి కన్పించినదో నేను చెప్పజాలను.

విజయనగరమున నొక ముదుసలి నా ప్రక్కను కూర్చుండెను. కూతురింట పండుగ గడపి గాజువాకకు మరలుచున్నదట. “పండుగకు మీ యూరు పోలేదా, మామ్మా?” అంటిని.

“ఊరెక్కడుందమ్మా? ఉక్కు ఫ్యాక్టరీలో కలిసిపోనాది. నాను కాపరానికొచ్చిన ఇల్లు ఏ మూల ఉండేదో నాకే తెల్దు” అని ఆమె నవ్వినది.

విశాఖ ఉక్కు ఆంధ్రుల హక్కు అని 1966లో ప్రాణములొడ్డి సాధించుకొన్న కర్మాగార మది. 1971 జనవరి 20వ తేదీన ఇందిరాగాంధీగారు శంకుస్థాపన చేసిరి, 1992లో పి.వి. నరసింహారావుగారు జాతి కంకితము చేసిరి. ఈ తేదీలన్నియు పరీక్షలకై వల్లించినవే. 20,000 ఎకరములకు పైబడిన ఆ నేలమీద పూర్వ మెన్ని వాకిళ్ళలో సంక్రాంతి ముగ్గులు వేసిరో ఏ పుస్తకమునను చదివిన జ్ఞాపకము లేదు. ముదుసలి కుమారుడు ఆ కర్మాగారముననే పని చేయుచున్నాడు. ఆమెకు దానిపై కోపము లేదు. పండుగ వచ్చునప్పుడు మాత్రము ఊరు కావలెననిపించునట.

కొత్తవలస యొద్ద కిరండూలు మార్గము వచ్చి కలియును. బైలదిల్లా ఇనుపరాతిని విశాఖ రేవు ద్వారమున జపానునకు పంపుటకై 1960వ దశకమున వేసిన మార్గ మిది. ఆ జపాను విమానములే 1942 ఏప్రిల్ 6వ తేదీన విశాఖపై బాంబులు వేసినవి! వ్యాపారమునకు జ్ఞాపకశక్తి తక్కువ కాబోలు. ఆ యుద్ధభయముచేతనే మా ఆంధ్ర విశ్వకళాపరిషత్తు గుంటూరునకు తరలిపోయెను. 1926లో బెజవాడలో పుట్టి, 1930లో వాల్తేరు చేరి, సర్వేపల్లి రాధాకృష్ణగారి వంటి వారి యేలుబడిలో అప్పుడప్పుడే వేళ్ళూనుచున్న సంస్థ అది. మరల 1946లో గాని తన గూటికి రాలేదు. నాలుగేండ్లు! నేను ఒక్క వారమునకే బెంగపడితిని.

విశాఖ స్టేషనులో మద్రాసు వైపు పోవు బండ్లకు ఇంజను రెండవ కొసను తగిలింతురు. అంతవఱకు ముందునకు చూచుచు వచ్చినవారు అటుపై వెనుకకు చూచుచు పోవలసినదే. మేమిద్దఱమును అక్కడనే దిగితిమి. ముదుసలిని గాజువాక బస్సెక్కించితిని. వద్దు వద్దనుచునే రెండు అరిసెలు కొంగున కట్టుకొన్నది.

వసతిగృహపు మేడమీదికి పోగానే సముద్రపు గాలి మొగమున కొట్టెను. దక్షిణమున డాల్ఫిన్ నోస్ కొండ. దాని చెంతనుండియే ఓడలు 1933లో తెఱచిన రేవులోనికి పోవును. పిలుపు రాని ఓడలు కొన్ని దూరముగా లంగరు వేసి నిలిచియున్నవి.

మా గదిలో మూడు మంచములు. ఒకదానిపై పరుపు చుట్టినది చుట్టినట్లే యున్నది. ఆ నెచ్చెలికి పండుగలోనే తాంబూలములు పుచ్చుకొనిరట, మాఘమున ముహూర్తము. పరీక్షలకు వచ్చునో రాదో ఫోనులో చెప్పలేదు, నాకు అడుగుటకు నోరు రాలేదు. ఆమె పుస్తకములు అరమీదనే యున్నవి. పోకుండలలో ఆమె పాలు వేఱుగా డబ్బాలో పోసి మూత బిగించితిని.

రాత్రి అమ్మకు ఫోను చేసి, క్షేమముగా చేరితినని చెప్పితిని.

“అరిసెలు విఱిగినవా?” అని అడిగినది.