కాందిశీకుని గోడలు

ఏథెన్సులోని ఎర్మూ వీథి నిండా బట్టల దుకాణాలు, జనసమ్మర్దం. ఆ వీథి నడుమ, దారికడ్డంగా చతికిలబడిన అవ్వలా, కప్నికారేయా అనే 11వ శతాబ్దపు చిన్న చర్చి ఉన్నది. లోపలి గోడలపై విశాలనేత్రాల పునీతులను చూచి, ఇవీ అంత పాతవే కాబోలునని పొరబడతాము. వీటిలో అధికభాగం 20వ శతాబ్దంలో ఫోటిస్ కోంటోగ్లూ చిత్రించినవి!

కోంటోగ్లూ 1895లో ఆసియా మైనరు తీరాన, ఐవాలీలో జన్మించాడు. యౌవనంలో కొంతకాలం పారిస్‌లో గడిపాడు. 1922లో ఆ తీరపు గ్రీకులతోపాటు ఇల్లూవాకిలీ విడిచి, కాందిశీకుడై గ్రీసు చేరాడు. మరుసటి యేడు ఆథోస్ పర్వతం మీది మఠాలలో బైజాంటియన్ చిత్రాలు ఆయన కంటబడినవి. పోయిన ఊరు తిరిగి దొరికినంతగా వాటిని పట్టుకున్నాడు. వెలుగునీడల పాశ్చాత్య నైపుణ్యాన్ని పక్కకునెట్టి, పాత చిత్రకారుల గీతనూ జానపదుల ముతకదనాన్నీ తనవి చేసుకున్నాడు. ఛాందసమన్నవారూ లేకపోలేదు.

1932లో ఏథెన్సులోని తన యింటి గోడలపై, త్సారూహిస్, ఎంగోనోపులోస్ అనే శిష్యుల తోడ్పాటుతో, తడిసున్నం మీద బొమ్మలు వేశాడు. జర్మనుల ఆక్రమణకాలపు కరవులో ఆ యింటినే తిండికోసం అమ్ముకోవలసివచ్చింది. తరువాత ఆ చిత్రాలను గోడలనుండి ఊడదీసి జాతీయ చిత్రశాలకు చేర్చారు. అక్కడ వాటి ముందు నిలుచున్నప్పుడు బొమ్మకంటె ముందు, చుట్టూ ఆ గది లేకపోవడమే మనకు తోస్తుంది.