నంబరు సేవ్ చేసుకో అక్కా

పోచంపల్లిలోనో కొయ్యలగూడెంలోనో నేతింటికి పోయి చీర కొన్నవాళ్లకు చివర్లో ఒక మాట తప్పకుండా వినిపిస్తుంది. డబ్బులు ముట్టాక, చీర మడిచి సంచిలో పెట్టిచ్చి, గడప దాకా సాగనంపుతూ ఆ ఇంటి ఇల్లాలు అంటుంది: "నా నంబరు సేవ్ చేసుకో అక్కా. కొత్తవి దిగినప్పుడు ఫొటోలు పెడ్త."

వినడానికి మర్యాద మాటే. కానీ ఆ ఇంటి వ్యాపారం చాలావరకు ఆ మాట మీదే నడుస్తోంది. వాట్సాప్‌లో ఒకేసారి అందరికీ పంపే బ్రాడ్‌కాస్ట్ జాబితాలో 256 మందిని చేర్చుకోవచ్చు. అయితే పంపిన ఫొటో చేరేది, పంపినవారి నంబరును తమ ఫోనులో దాచుకున్న వాళ్లకే. స్టేటస్ కూడా అంతే, ఇద్దరి ఫోనుల్లో ఇద్దరి నంబర్లూ ఉండాలి. అంటే మనం ఆమె పేరు రాసుకుంటేనే ఆమె నేసిన చీర మనకు కనిపిస్తుంది. లక్షల మంది చూసి మరిచిపోయే రీలు కంటే, రెండు వందల మంది పేరు పెట్టి దాచుకున్న నంబరే ఈ ఊళ్లలో పొయ్యి వెలిగిస్తోందని నా నమ్మకం. 2016లో జిల్లాలు విడిపోయి ఈ ఊళ్లన్నీ యాదాద్రి భువనగిరిలోకి పోయినా, మా నోటికి ఇవి ఇంకా నల్లగొండ ఊళ్లే.

ఈ మార్పు ఎంత పెద్దదో తెలియాలంటే వెనకటి పద్ధతి చూడాలి. మాస్టర్ వీవర్ నూలిస్తాడు, పట్టిస్తాడు, డిజైనిస్తాడు. ఇంటిల్లిపాదీ కూర్చుని, మేకుల చుట్టూ నూలు తిప్పి ఆసు పోసి, రంగంటకూడని చోట పోగులు బిగించి చిటికి కట్టి, రంగులద్ది, నేసి అప్పజెబితే కూలి లెక్కగడతాడు. వార్పు దింపి ఇచ్చాక ఆ చీరలు ఏ ఊరికి పోయాయో, ఎవరి పెళ్లిలో కట్టారో నేసినవాళ్లకు తెలిసేది కాదు. కట్టుకున్నామెకు మగ్గం తెలియదు, మగ్గం మీదున్నాయనకు కట్టుకున్నామె తెలియదు. ఇద్దరూ తెలిసింది మధ్యలో ఉన్న దుకాణానికి ఒక్కదానికే. ధర చెప్పే బలమూ అక్కడే ఉండేది. అలాగని మాస్టర్ వీవర్లందరినీ దోషులుగా నిలబెట్టను. సరుకు కదలని నెలల్లో కూడా మగ్గం ఆగకుండా చూసింది చాలాచోట్ల వాళ్లే. నా బాధ పరిచయం లేకపోవడం గురించే. తరాల తరబడి నేసినవాళ్ల పేరు చీర వెంట గడప దాటలేదు.

ఈ పద్ధతిని కదిలించింది ఏ ఒక్క కంపెనీయో, ఏ ఒక్క పథకమో కాదు. 2015లో బెంగళూరులో అంజు మౌద్గల్ కదమ్, అల్లీ మాథన్ అనే ఇద్దరు స్నేహితురాళ్లు ఏడాదిలో వంద సార్లు చీర కట్టాలని ఒప్పందం చేసుకుని, కట్టిన ప్రతి చీర వెనక జ్ఞాపకాన్నీ సోషల్ మీడియాలో రాశారు. 'హండ్రెడ్ సారీ ప్యాక్ట్' పేరుతో అది దేశమంతా పాకింది. ఆ ఏడే ఆగస్టు 7న తొలి జాతీయ చేనేత దినోత్సవం జరిగింది. చీర ఫొటో పెట్టడం, దాని ఊరి పేరు చెప్పడం చదువుకున్న ఆడవాళ్లలో ఒక ఇష్టంగా మారింది. 2018 జనవరిలో చిన్న వ్యాపారుల కోసం వాట్సాప్ బిజినెస్ వచ్చింది. అప్పటికే యూపీఐ ఊళ్లకు చేరుతోంది. కానీ నేతిళ్లలో ఫోను నిజంగా అక్కరకొచ్చింది 2020 లాక్‌డౌన్‌లో. దుకాణాలు మూతపడ్డాయి, ఎగ్జిబిషన్లు ఆగిపోయాయి, పెళ్లిళ్లు వాయిదా పడ్డాయి, నేసిన చీరలు ఇంట్లో గుట్టగా పేరుకున్నాయి. అమ్మకపోతే నూలు లేదు, నూలు లేకపోతే మగ్గం లేదు. అప్పుడు డిగ్రీ చదివే కూతురో ఇంటర్ చదివే కొడుకో తమ ఆన్‌లైన్ పాఠాల ఫోనుతోనే చీరలకు ఫొటోలు తీయడం మొదలుపెట్టారు.

ఆ ఫొటో తీసే పని దగ్గర నిలబడి చూడాల్సిందే. గుంట మగ్గంలో తండ్రి కాళ్లు ఆడుతుంటాయి. కూతురు దించిన చీరను అరుగు మీద, నీడ పట్టున, పొద్దున వెలుతురులో పరుస్తుంది. ట్యూబులైటు కింద తీస్తే వంకాయ రంగు నీలంగా కనిపిస్తుందని ఆమెకు తెలుసు. ముందు కొంగు, తర్వాత అంచు, తర్వాత బ్లౌజు ముక్క. చివరగా చీరను తిరగేసి వెనక వైపు చూపిస్తుంది. ఆ తిరగేయడంలోనే అసలు నకిలీ తేలిపోతాయి. ఈ ఊళ్లలో నేసే ఇక్కత్‌లో రంగు పడేది బట్టకు కాదు, నేయక ముందే నూలుకు. అందుకే తిరగా మరగా బొమ్మ ఒక్కటే ఉంటుంది, గీతల అంచులు కొంచెం చెదిరినట్టుంటాయి. అచ్చు వేసిన బట్టకు వెనక వెలిసిపోయి ఉంటుంది. ఒకసారి నేను చూస్తుండగా ఆ అమ్మాయి వీడియోలో కొంగు దగ్గర వేలు పెట్టి, "ఇగో, ఈడ పోగు తెగి అతుకు పడ్డది మేడం. మీకు ముందే చూపెడ్తున్న. దీనికి మూడొందలు తక్కువియ్యిరి" అని చెప్పింది. కొన్న తర్వాత ఆ అతుకు ఎవరి కంటా పడేది కాదు. చెప్పింది కనుకనే ఆ మేడం మరుసటి నెల తన చెల్లెలికీ అక్కడే కొన్నది. వ్యాపార పాఠాలు చెప్పేవాళ్లు ఎన్ని సూత్రాలు రాసినా, ఆ మూడొందల తగ్గింపు కంటే పెద్ద పెట్టుబడి నాకు కనిపించలేదు.

పని చూపించడం బేరాన్ని కూడా మార్చింది. పోచంపల్లి చీరకు ఆసు పోయాలంటే చెయ్యి ఒక్కో చీరకు దాదాపు 9 వేల సార్లు అటూ ఇటూ తిరగాలి. తల్లి లక్ష్మి భుజాల నొప్పి చూడలేక ఆలేరు దగ్గరి శారాజీపేటకు చెందిన చింతకింది మల్లేశం ఏళ్ల తరబడి కష్టపడి 1999లో ఆసు యంత్రం తయారుచేశారు. 2017లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. ఆ కథ తెలిసినవాళ్లు చాలామందే. కానీ గ్రాఫ్ కాగితం మీద గీసిన బొమ్మ ప్రకారం పోగుల్ని రబ్బరు పట్టీలతో కట్టడం, రంగులో ముంచడం, విప్పి మళ్లీ కట్టడం అర నిమిషం వీడియోలో చూసినామె "ఇంత రేటెందుకు?" అని అడగదు. "ఇంకొంచెం తగ్గించండి" అని మాత్రం అడుగుతుంది. అది మన తెలుగిళ్ల హక్కు, దాన్నెవరూ తప్పుపట్టరు.

ఫోను కలిపింది కొన్నవాళ్లనీ అమ్మినవాళ్లనీ మాత్రమే కాదు. చీర కొన్నామెకు ఫాల్, పీకో కావాలి. కొంగుకు కుచ్చులు కావాలి. బ్లౌజు మీద మగ్గం వర్క్ కావాలి. ఇదివరకు ఇవన్నీ ఆమె తన ఊళ్లో వెతుక్కునేది. ఇప్పుడు నేతింటామె, వీధి చివర కుచ్చులు వేసే పిల్ల నంబరు తనే ఇస్తుంది, లేదా చీరను నేరుగా ఆ ఇంటికి పంపి కుచ్చులు వేయించి కొరియర్ చేస్తుంది. భువనగిరిలోనో చౌటుప్పల్‌లోనో బ్లౌజులు కుట్టే ఆమె తన స్టేటస్‌లో ఆ చీర పెడుతుంది, నేతింటామె ఆ బ్లౌజు పెడుతుంది. ఎవరూ ఎవరికీ జీతగాళ్లు కారు, కాగితాల మీద ఒప్పందం లేదు. నూలు ధర పెరిగితే ఒకరు గ్రూపులో పెడతారు, రంగు దొరకకపోతే ఇంకొకరు ఎక్కడుందో చెబుతారు. ఒకింట్లో అడిగిన రంగు లేకపోతే పక్కింటి చీర ఫొటో పంపి, అమ్ముడైతే పక్కింటికే డబ్బులు వేయించేవాళ్లు ఉన్నారు. ఈ చిన్న చిన్న ముడులే నాకు అమ్మకాల లెక్క కంటే విలువైనవిగా కనిపిస్తాయి.

ఇదంతా నలుగురి ముందు జరగడం వల్ల ఒక కట్టుబాటు కూడా ఏర్పడింది. పోచంపల్లికి ఈ సంగతి కొత్తది కాదు. 1951 ఏప్రిల్ 18న వినోబా భావే ఈ ఊరికొచ్చినప్పుడు భూమి లేని 40 దళిత కుటుంబాలు తమకు 80 ఎకరాలు కావాలని అడిగాయి. ఊరి భూస్వామి వెదిరె రామచంద్రారెడ్డి లేచి 100 ఎకరాలిస్తానన్నారు. భూదానోద్యమం అక్కడ పుట్టింది, ఊరు భూదాన్ పోచంపల్లి అయింది. అందరి ఎదుటా ఇచ్చిన మాట ఎంత దూరం పోతుందో ఆ ఊరికి తెలిసినంతగా ఇంకే ఊరికీ తెలియదు. చేనేత ఇష్టపడేవాళ్ల గ్రూపుల్లో ఇప్పుడు జరుగుతున్నదీ, చిన్న ఎత్తున, అలాంటిదే. "చీర అందింది, ఫొటోలో చూసిన రంగే" అని ఒకామె రాస్తే వందమంది చదువుతారు. డబ్బులు తీసుకుని పంపకపోతే అదీ వందమందికి తెలుస్తుంది. దుకాణం అద్దాల కంటే ఆ సాక్ష్యం గట్టిది.

నష్టాలు లేవా అంటే ఉన్నాయి, అవి నన్ను నిద్రపోనివ్వవు. కొత్త డిజైను ఫొటో పెట్టిన కొద్ది రోజులకే అదే బొమ్మ ప్రింటు చీర మీదికి వస్తుంది, 'పోచంపల్లి' పేరుతోనే, నాలుగో వంతు ధరకు. పోచంపల్లి ఇక్కత్‌కు భౌగోళిక గుర్తింపు వచ్చి రెండు దశాబ్దాలైంది. అయినా ఫోనులో పేరు వాడుకునేవాణ్ని పట్టుకోవడానికి నేతగాడు ఏ కోర్టుకు పోతాడు? అందుకని కొందరు మంచి డిజైన్లు స్టేటస్‌లో పెట్టడం మానేసి, నమ్మకమైన పాత కొనుగోలుదార్లకే విడిగా చూపిస్తున్నారు. ఇంకొకటి, డబ్బులు వేసినట్టు దొంగ స్క్రీన్‌షాట్లు. బ్యాంకు మెసేజీ చూడందే చీర పంపొద్దని ఇళ్లల్లో పిల్లలు పెద్దలకు నేర్పుతున్నారు. చేతిలో ఒక్క చీర లేకుండా నేతగాళ్ల ఫొటోలు తీసి, ఊరి పేరు తుడిచేసి, తమ ధర వేసుకుని పంపే రీసెల్లర్లున్నారు. ఊరి పేరు ఉంచి, నేసినవాళ్ల పేరు చెప్పి అమ్మేవాళ్లను నేను తప్పుపట్టను, వాళ్ల వల్ల మగ్గానికి పని దొరుకుతోంది. పేరు తుడిచేవాళ్లతోనే నా తగువు.

అన్నిటికంటే పెద్ద చిక్కు పెట్టుబడి. సొంతంగా అమ్మాలంటే పట్టు సొంతంగా కొనాలి, చీర అమ్ముడుపోయేదాకా ఇల్లు గడవాలి. కూలికి నేసే కుటుంబానికి అంత ఓపిక ఎక్కడిది? ఫోనుంది, కూతురికి ఫొటో తీయడం వచ్చు, కానీ మగ్గం మీదున్న చీర వాళ్లది కాదు. సోషల్ మీడియా నేతన్న బతుకు మార్చేసిందని రాసేవాళ్లు ఈ గడప దగ్గర ఒక్కసారి ఆగాలి. వాళ్లకు ముందు కావాల్సింది ఒక వార్పుకు సరిపడా నూలు, చిన్న వడ్డీకి. ఆ తర్వాతే నంబరు. సంఘాలు, బ్యాంకులు ఆ పని చేస్తే మిగతాది ఆ పిల్లలే చేసుకుంటారు.

పాలమూరు వైపు దారి కొంచెం వేరు. నారాయణపేటలో జిల్లా యంత్రాంగం అండతో మహిళా సంఘాలు 'ఆరుణ్య' పేరు పెట్టుకుని తమ సరుకును ఆన్‌లైన్ అంగళ్లకెక్కించాయి. గద్వాలలో నూలు ఒంటికి పట్టు అంచు కలిపి నేసే చీరకు పండుగల ముందు గిరాకీ ఎప్పుడూ ఉండేదే. అక్కడా ఇప్పుడు దుకాణాలవాళ్లు లైవ్ పెట్టి మడత విప్పి చూపిస్తున్నారు. బాగుంది. అయినా నా మనసు మగ్గం పక్కన నిలబడి తీసిన ఫొటో వైపే మొగ్గుతుంది.

మళ్లీ మా నల్లగొండ వైపు పుట్టపాకలో ఈమధ్య విన్న సంగతి ఒకటి. తేలియా రుమాల్‌కు ఆ ఊరు పేరు పొందింది. అక్కడి నేతకారుడు గజం గోవర్ధనకు 2011లో పద్మశ్రీ వచ్చింది. ఆముదం కాయల బూడిద, నూనె కలిపి నూలును రోజుల తరబడి నానబెట్టి, ఎరుపు నలుపు తెలుపుల్లో నేసే బట్ట ఈ తేలియా. అమెరికాలో ఉంటున్న ఒకామె తన తల్లి పాత తేలియా చీర ఫొటో అక్కడి ఒక నేతింటికి పంపి, ఇలాంటిదే కావాలంది. చిరిగిన చీర, సగం బొమ్మే మిగిలింది. నేతాయన గదులు లెక్కపెట్టడానికి చీర మీద స్కేలు పెట్టి దగ్గరగా ఇంకో ఫొటో తీయమన్నాడు. వెనక వైపు కూడా అడిగాడు. మిగిలిన సగం బొమ్మను గ్రాఫ్ మీద తనే పూర్తిచేసి పంపాడు. ఆమె రెండు చోట్ల మార్పు చెప్పింది, ఒకటి ఒప్పుకున్నాడు, ఇంకొకటి కట్టులో కుదరదన్నాడు. "దసరాకు కాదమ్మా, సంక్రాంతికి అయితది. తొందరపెడ్తె నూనె పట్టది" అని వాయిస్ మెసేజీ పెట్టాడు. ఆమె సరేనంది. హైదరాబాదులో ఉన్న తమ్ముడితో సగం డబ్బు అడ్వాన్సు వేయించింది. నూలు నానబెట్టిన రోజు ఆ ఇంటివాళ్లు వీడియో తీసి ఆమెకు పంపారు. ఆమె దాన్ని తన అక్కచెల్లెళ్ల గ్రూపులో పెట్టింది. వాళ్లలో ఇద్దరు అతని నంబరు అడిగారు.