తంజావూరిలో నర్తకుల వీధులు

తంజావూరు చూడబోవువారు పెద్దకోవెలను, రాజభవనమును, సరస్వతీమహలు గ్రంథాలయమును చూచి తృప్తితో మరలుదురు. మేము వానితోపాటు మఱియొకదానిని గూడ వెదకుకొనుచు పోయితిమి. ఆ రాజుల కాలమున అచట ఆడిన స్త్రీలెవరు? ఎచట కాపురముండిరి? ఈ కుతూహలమును మాకు కలిగించినది ఒక అరవ చలనచిత్రము.

సోదరీమణులలో పెక్కురు ‘వంజికోట్టై వాలిబన్’ పేరు వినియే యుందురు. జెమినీ సంస్థాధిపతి ఎస్. ఎస్. వాసన్ గారు 1958లో తీసిన చిత్రమది. కథ కేవలము కల్పితము. దివానుగారి కుమారుడు, సింహాసనముపై కన్నువేసిన దుర్మార్గుడు, ఓడలు, చెఱసాలలు, వీనినడుమ ఇద్దఱు రాకుమార్తెలు. ఒకరు పద్మిని, ఒకరు వైజయంతిమాల. వీరిద్దఱును ఒకరినొకరు మించవలెనని పంతముపట్టి ఆడిన యాటయే ఆ చిత్రమునకు ప్రాణము. సి. రామచంద్రగారు కూర్చిన యా పాటను పి. లీలగారును, మన జిక్కిగారును పోటీపడి పాడిరి. కథ మఱచినవారును ఆ యాటను మఱవలేరు.

మా అత్తగారు సయితము అది వచ్చుచున్నంతసేపు చేతిలోని వత్తులు ప్రక్కనబెట్టి చూతురు. అయినను మా చిన్నది నాట్యము నేర్చుకొందునని అడిగినపుడు, “రాజు కూతురు ఆడితే చెల్లుతుంది. సంసారుల పిల్లకు ఆటలెందుకే?” అని ముఖము త్రిప్పుకొనిరి. మావారు, బడిపంతులు గనుక, వాదముకంటె చూపించుట మేలనిరి. వేసవి సెలవులు రాగానే అత్తగారితో గూడ అందఱము రైలెక్కితిమి.

ముందుగా రాజభవనమునకు పోయితిమి. నాయకరాజులు కట్టగా మహారాష్ట్రప్రభువులు పెంచిన కట్టడమది. కొన్నిచోట్ల గోడలు పెచ్చులూడియున్నవి. పావురముల కూతలే గాని మఱియొక సందడి లేదు. ఇచటనే 1673 వఱకు ఏలిన విజయరాఘవనాయకుని కొలువులో, అరవదేశము నడిబొడ్డున, తెనుగు కవిత రాజ్యము చేసినది. క్షేత్రయ్యగారిని ఆదరించిన ప్రభువితడే. ‘మన్నారుదాసవిలాసము’ రచించిన రంగాజమ్మకు కనకాభిషేకము చేయించినవాడును ఇతడే. ఆమె రాణియై పుట్టినది కాదు, విద్యచేత సభకెక్కినది. చిత్రములో రాకుమార్తెలకు గట్టిన గజ్జెలు ఈ సభలో విద్యావంతురాండ్రైన వేఱు స్త్రీలు కట్టిరి.

ఇక రాణులమాట. 1673లో మధురనాయకుని సేనలు కోటలో చొచ్చినపుడు, అంతఃపురస్త్రీలు పగవారి చేజిక్కరాదని విజయరాఘవుడు తుపాకిమందుతో అంతఃపురమును పేల్పించి, తాను పోరి మడిసెనని చెప్పుదురు. ఆ మాట వినుచు అత్తగారు స్తంభమునకానుకొని చాలసేపు నిలిచిపోయిరి. ఆ భవనములో మేము తిరిగినంతమేర ఆ రాణులలో ఒక్కతె పేరైనను రాతిమీద మాకు కానరాలేదు.

పడమటి పెద్దవీధిలో చిన్నయ్య, పొన్నయ్య, శివానందము, వడివేలు అను నలుగురు అన్నదమ్ముల యిల్లు కలదు. వీరు రెండవ శరభోజి కొలువువారు, ముత్తుస్వామి దీక్షితులవారి శిష్యులు. నేడు నాట్యసభలలో అలరింపుతో మొదలై తిల్లానాతో ముగియు వరుస వీరు దిద్దినదే. వీరి వర్ణములు పెక్కులు తెనుగుమాటలలోనే యున్నవి. వైజయంతిమాల వళువూరు రామయ్యపిళ్ళగారివద్ద నేర్చి, పిమ్మట ఈ నలుగురి వంశమువాడైన కిట్టప్పపిళ్ళగారివద్దను అభ్యసించినది. కావున వెండితెరపై మేము చూచిన యాట ఈ వీధినుండియు, దీని చుట్టుపట్ల పల్లెలనుండియు పోయినదే. గురువుల పేర్లు నిలిచినవి. వారు నేర్పగా తరతరములు ఆడిన స్త్రీల పేర్లు ఎందఱివి నిలిచినవి? దేవాలయములకు ఆడుపిల్లలను అర్పించుట మదరాసు రాష్ట్రమున 1947లో చట్టముచేత ఆగినది. ముత్తులక్ష్మీరెడ్డిగారు ఏండ్లతరబడి దానికై పాటుపడిరి; అది ఆగవలసినదే. ఆచారముతోపాటు ఆ స్త్రీలను గూడ తలపనిదానివలె లోకము నడచుట మాత్రము మాకు నచ్చదు.

సాయంకాలము పెద్దకోవెలకు చేరితిమి. రాజరాజచోళుడు 1010లో పూర్తిచేయించిన యాలయము. విమానము ఎత్తు 216 అడుగులు. గర్భాలయముపై అంతస్తులో శివుడు స్వయముగా ఆడుచున్న 81 కరణములు చెక్కియున్నవి. నూటయెనిమిదింటిలో తక్కిన 27 రాళ్ళు చెక్కకయే మిగిలినవి. ఆ మేడపైకి యాత్రికులను పోనీయరు గాన వానిని పటములందే చూచితిమి.

మేము వెదకినది ప్రాకారపు గోడమీద దొరకినది. రాజరాజు నానాక్షేత్రములనుండి 400 మంది నర్తకులను రప్పించి, కోవెల చుట్టును వీధులు తీర్చి, ఒక్కొక్కరికి ఒక యిల్లును, ఏటికి నూఱు కలముల వడ్లును ఏర్పఱచెను. ఏ వీధి, ఏ వరుస, ఎన్నవ యిల్లు, అందుండునామె పేరేమి, ఏ యూరి కోవెలనుండి వచ్చినది, సమస్తమును చెక్కించెను. వేయియేండ్ల యెండవానలకు నిలిచిన యక్షరములు! అక్కడక్కడ వ్రేలాడించుచు మావారు వివరించుచుండగా అత్తగారు అడ్డువచ్చి, “ఆమె పోతే ఆ వడ్లు ఎవరికిరా, కూతురికేనా?” అని అడిగిరి. దగ్గఱి చుట్టములకే పోవును, కాని వారికి ఆ విద్య వచ్చియుండవలెను. రాకున్నచో తగినవారిని వెదకి నియమింపవలెనని యందే వ్రాసియున్నదని మావారు చెప్పిరి.

అత్తగారు ఆ గోడవంక మరల నొకమాఱు చూచిరి. పిమ్మట మా చిన్నదాని జడ సవరించుచు, “నేర్చుకోవడానికి ఎన్నేళ్లు పడుతుందిటే?” అనిరి.

“ఏడెనిమిదేళ్లు పడుతుంది, బామ్మా!”

“అయితే ఈ విజయదశమికే మొదలుపెట్టాలి” అనుచు ఆమె చెప్పులకొఱకు వాకిటివైపు నడచిరి.