డాలస్‌లో బాన్సువాడ

2017 జూలై 20, గురువారం రాత్రి. మర్నాడు ఇండియాలో విడుదలయ్యే ‘ఫిదా’కి ఇక్కడ డాలస్‌లో ప్రీమియర్ షో. పిల్లల్ని మావారికి అప్పగించి ముగ్గురు స్నేహితురాళ్ళం కారెక్కాం. శేఖర్ కమ్ముల సినిమా అంటే నాకు హైదరాబాద్ హాస్టల్ రోజులే. 2004లో ‘ఆనంద్’కి మా ఫ్లోర్ అమ్మాయిలంతా కలిసి వెళ్ళాం.

హైవే పక్కన పెద్ద పార్కింగ్, లోపల పాప్‌కార్న్ వాసన. అమెరికాలో ఏ ఊళ్ళో చూసినా ఇదే థియేటర్. లైట్లు ఆరాక తెర మీద మాత్రం బాన్సువాడ! నిజాంసాగర్ కాలువ కింద పచ్చటి వరి పొలాలు. మా ఊరికి పక్క ఊరే. సాయిపల్లవి నోట మా యాస వినబడగానే హాలంతా ఈలలు. అన్నేళ్ళూ సినిమాల్లో ఆ మాట ఎక్కువగా నవ్వించడానికో, భయపెట్టడానికో పనికొచ్చేది. ఇప్పుడు హీరోయిన్ మాట్లాడుతోంది.

నాన్నని, ఊరిని వదిలి రానన్న భానుమతి కోసం చివరికి అబ్బాయే బాన్సువాడ వచ్చేస్తాడు. అందరూ చప్పట్లు కొట్టారు. మేం ముగ్గురం మాత్రం కళ్ళు తుడుచుకుంటూ కూర్చున్నాం. మేం సూట్‌కేసులు సర్దుకుని వచ్చేసినవాళ్ళం కదా!

పార్కింగ్‌లోంచే మా నాయనకి ఫోన్ చేశాను. అక్కడ శుక్రవారం పొద్దున.

“సినిమాల మన దిక్కు మంచిగ చూపిచ్చిండా బిడ్డా?” అన్నాడు.

ఎప్పుడొస్తావని ఆయన ఏనాడూ అడగడు. ఆ రోజూ అడగలేదు.

“డిసెంబర్ల వస్తున్న నాయనా” అని నేనే చెప్పాను.

ఇంటికెళ్ళి, పడుకునే ముందే టికెట్ కొన్నాను.