కంకరలో కడలి కథ

రాజమండ్రి స్టేషన్లో దిగినవాళ్లు ఎక్కడికెళ్తారు? పుష్కరాల రేవుకి. లేదంటే పాపికొండల లాంచీ ఎక్కడానికి. ఆ పొద్దున మేం మాత్రం ఆటో ఎక్కి ‘కాటేరు క్వారీకి పోనియ్’ అన్నాం. డ్రైవరు వెనక్కి తిరిగి ఎగాదిగా చూశాడు.

‘కంకర లోడు కావాలాండీ?’

కాదు, ఊరికే చూడ్డానికి అన్నాం. నవ్వేశాడు. ‘రాళ్లు చూడ్డానికి ఇంత దూరం వచ్చారాండీ బాబూ!’

మాదేం దూరం? అమెరికా, స్విట్జర్లాండ్‌ల నుంచి కూడా శాస్త్రవేత్తలు ఈ రాళ్లకోసం వచ్చారు మరి!

నలుపు... తెలుపు... నలుపు

ఊరి అంచున పాత క్వారీ గోతులు. ఒక గోడ ముందు నిలబడి తలెత్తి చూస్తే అడుగున నల్లరాయి, పైన నల్లరాయి. నడుమ తెలుపూ పసుపూ కలిసిన మెత్తటి పొర. ఆత్రేయపురం పూతరేకులో రెండు రేకుల మధ్య దాచిన తీపిలా ఉంటుంది. ఇక్కడ కూడా అసలు రుచి ఆ మధ్య పొరలోనే.

నల్లరాయి ఒకప్పటి లావా. సుమారు 6.6 కోట్ల ఏళ్ల కిందట, భారతదేశం ఇంకా ఆసియాకి అతుక్కోని రోజుల్లో, ఇప్పటి పడమటి కనుమల వైపు నేల చీలి లావా పొంగింది. అలా ఏర్పడ్డవే దక్కను రాతి మెట్లు. ఈనాటికీ సుమారు అయిదు లక్షల చదరపు కిలోమీటర్లలో పరచుకుని ఉన్నాయి. గోదావరికి అటూ ఇటూ ఉన్న ఈ చిన్న ముక్క మాత్రం వాటికి ఎంతో ఎడంగా, ఒంటరిగా మిగిలింది. మరి లావా ఇక్కడికెలా వచ్చింది? 2008లో బ్రిటన్, అమెరికా పరిశోధకులు ఈ రాతిని మహాబలేశ్వరం కొండల రాతితో పోల్చి చూశారు. రెండూ రసాయనికంగా తోబుట్టువులే! పాత నదీలోయల దారి పట్టి, దాదాపు వెయ్యి కిలోమీటర్లు పారి, సముద్రం ఒడ్డుకు చేరిందన్నమాట. భూమ్మీద మనకు తెలిసిన అతి పొడవైన లావా ప్రవాహాల్లో ఇదొకటి.

ఆల్చిప్పకి మన ఊరి పేరు

ఒక ప్రవాహానికీ మరో ప్రవాహానికీ మధ్య విరామం దొరికింది. ఆ విరామంలో సముద్రం వచ్చిపోయింది. బురద పేరుకుంది. అందులో నత్తలు, ఆల్చిప్పలు బతికాయి. అదే ఈ తెల్లపొర. 1860లో స్టీఫెన్ హిస్లాప్ ఇక్కడి శిలాజాలను వర్ణిస్తూ ఒక ఆల్చిప్పకి ఆవలి ఒడ్డునున్న పంగిడి పేరే పెట్టాడు. 1930లలో ఎల్.రామారావు, ఎస్.ఆర్.నారాయణరావు, కె.శ్రీపాదరావు ఇదే పొరలోని సూక్ష్మజీవుల ఆధారంగా లావా వయసు తేల్చే ప్రయత్నం చేశారు.

ఆ వయసు కోసం ఎందుకంత పట్టుదల? అది డైనోసార్లు అంతరించిన కాలం కాబట్టి. అప్పుడు భూమ్మీది జీవజాతుల్లో సుమారు నాలుగింట మూడొంతులు తుడిచిపెట్టుకుపోయాయి. గ్రహశకలం గుద్దడమే కారణమని 1980లో అల్వరెజ్ బృందం చెప్పింది. మెక్సికోలోని చిక్షులుబ్ దగ్గర దాదాపు 180 కిలోమీటర్ల వెడల్పున్న గొయ్యి ఆ దెబ్బేనని 1991లో పరిశోధకులు పోల్చుకున్నారు. కాదు, దక్కను లావా, దాంతో వెలువడ్డ వాయువులే ముంచాయన్నది రెండో వర్గం. నిందితులిద్దరు. కాలాల లెక్క తేలితేగానీ తీర్పు చెప్పలేం.

అమెరికాలోని ప్రిన్స్‌టన్ యూనివర్సిటీకి చెందిన గెర్టా కెల్లర్ అందుకే ఇక్కడికొచ్చారు. స్విట్జర్లాండ్ నుంచి థియరీ అడాట్, రూర్కీ ఐఐటీ నుంచి సునీల్ బాజ్‌పాయ్, పారిస్ నుంచి మరో ఇద్దరు పరిశోధకులు చేయి కలిపారు. తెల్లపొర రాతిని పలుచగా కోసి సూక్ష్మదర్శిని కింద పెట్టారు. కనిపించినవి ఫొరామినిఫెరా అనే ఏకకణ సముద్రజీవుల గవ్వలు. మిల్లీమీటరులో పదో వంతు ఉంటే గొప్ప! అవన్నీ మహావినాశనం జరిగాక కొత్తగా పుట్టిన జాతులు. 2008లో వాళ్ల నివేదిక వెలువడింది. కింది లావా ఆగిన సమయానికీ మహావినాశనానికీ ముడి ఉందన్నది వాళ్ల మాట. ఆ తరవాత ఓఎన్‌జీసీ శాస్త్రవేత్తలు కూడా కలిశారు. చమురు కోసం కృష్ణా-గోదావరి బేసిన్‌లో తవ్విన బావుల్లోంచి వచ్చిన రాతిముక్కలు జీవచరిత్రకు పనికొచ్చాయి.

లెక్క మారింది

కథ అక్కడితో అయిపోలేదు. లావా చల్లారి రాయి అయిన క్షణం నుంచి అందులోని పొటాషియంలో కొంత, ఆర్గాన్ వాయువుగా మారుతూ ఉంటుంది. అదొక గడియారం. ఆనాటి భూ అయస్కాంత దిశ కూడా రాతిలో ముద్రపడి ఉంటుంది. ఈ రెండింటినీ, శిలాజాలనూ కలిపి చూసిన మరో బృందం 2020లో ఒక మాట చెప్పింది... ఇక్కడ పైకి కనిపిస్తున్న పొరల్లో ఆ మహావినాశనపు సరిహద్దే లేదు, కింది లావా సైతం దాని తరవాతదేనని!

మరి ఇంతమంది శ్రమ వృథాయేనా? కానే కాదు. ఇది చావు కథ కాదు, బతుకు కథ అని తెలిసింది. అటు చిక్షులుబ్ గొయ్యిలో 2016లో అంతర్జాతీయ బృందం సముద్రం అడుగున 1,300 మీటర్లకు పైగా తవ్వింది. దెబ్బ తగిలిన కొన్నేళ్లకే అక్కడికి జీవం తిరిగొచ్చిందని ఆ రాళ్లు చెప్పాయి. ఇటు మన తెల్లపొర అంతకన్నా చాలా తరవాతి సంగతి చెబుతోంది. ఒక లావా కప్పేసిన చోట, మరో లావా రాబోయే ముందు, ఆ మధ్యలో జీవం కాపురం పెట్టింది. మెక్సికో గొయ్యిలో చదివిన కథకి తరవాతి పేజీ కాటేరులో దొరికిందన్నమాట. ఏ ఒక్క దేశమూ దాన్ని ఒంటరిగా చదవలేదు.

పేజీలు చిరిగిపోతున్నాయి

మధ్యాహ్నం రోడ్డు-రైలు వంతెన దాటి కొవ్వూరు మీదుగా పంగిడి చేరాం. క్రషర్ల హోరు, టిప్పర్ల దుమ్ము. ఇక్కడి రాయి రోడ్ల కింద, ఇళ్ల శ్లాబుల్లో కలిసిపోతోంది. తువ్వాలు తలకి చుట్టుకున్న ఓ పెద్దాయన్ని తెల్లపొర గురించి అడిగాం.

‘అది మెత్తరాయండీ, పనికిరాదు. తీసి అవతల పోసేత్తాం’ అన్నాడు. అందులో గవ్వలుంటాయట కదా అంటే, ‘చిన్నప్పట్నుంచీ చూత్తానే ఉన్నామండీ. ఇది సముద్రమని మా తాత కూడా చెప్పేవాడు’ అంటూ నవ్వాడు. కాసేపాగి, ‘క్వారీ ఆపేయమంటారా ఏంటండీ?’ అని అడిగాడు. గొంతులో భయం.

ఆపమని ఎలా అంటాం? ఆ రాయే వాళ్లకి అన్నం. పైగా తవ్వబట్టే కదా ఈ పొర లోకానికి కనిపించింది! కానీ తవ్వుతూనే పోతే చూపించడానికి గోడ మిగలదు. తిరుమల శిలాతోరణాన్ని జాతీయ భూవైజ్ఞానిక స్మారకంగా గుర్తించి కాపాడుకుంటున్నాం. ఇక్కడ కొండంతా అక్కర్లేదు. కాటేరులో ఒకటి, పంగిడిలో ఒకటి... నలుపు-తెలుపు-నలుపు చక్కగా కనిపించే రెండు గోడలు వదిలిపెట్టి, పక్కన తెలుగులో ఓ బోర్డు పెడితే చాలు. బడిపిల్లలకి అంతకన్నా మంచి విహారయాత్ర ఏముంటుంది?

సాయంత్రం బయల్దేరేటప్పుడు మా ఆటో డ్రైవరు కనిపించలేదు. చూస్తే ఆ పారబోసిన మెత్తరాయి గుట్ట దగ్గర వంగి వెతుకుతున్నాడు. బొటనవేలి గోరంత గవ్వ ఒకటి ఏరి, చొక్కాకి తుడిచి జేబులో వేసుకున్నాడు.

‘మా పాపకి చూపిత్తానండీ. ఇన్ని కోట్ల ఏళ్ల నాటిదంటే నమ్ముద్దంటారా?’

నమ్ముతుంది. నమ్మకపోతే తీసుకొచ్చి ఆ గోడ చూపించమన్నాం. అప్పటిదాకా అది ఉండాలి మరి!